నాయన లక్క వేసి దాచిన కాగితం

మా నాయన తపాలా శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాడు. నకిరేకల్, హాలియా, దేవరకొండలలో సబ్ పోస్టుమాస్టరుగా ఉన్న రోజుల్లో, సాయంత్రం బస్సుకు వెళ్లవలసిన సంచి మూతిని పురికొసతో బిగించి, లక్క కడ్డీని దీపం మీద కరిగించి, ముడి మీద చుక్కలు చుక్కలుగా పోసి, అది గట్టిపడకముందే ఇత్తడి ముద్ర నొక్కేవాడు. ముద్ర చెదరకుండా ఉన్నంతవరకు లోపలి ఉత్తరాలకు తనదే పూచీ అనేవాడు. రిటైరైన తరువాత కూడా ఆ అలవాటు ఆయనను వదలలేదు. అమ్మ దాచుకున్న పసుపు కొమ్ముల డబ్బా మూతకు సైతం కాగితం పట్టీ అంటించి, తేదీ వేసి, సంతకం పెట్టేవాడు.

ఆయన 2022 కార్తీకంలో పోయాడు. అంతకు ముందటి ఏడు ఒకనాడు భోజనం చేస్తూ, "కాయితం రాసి పెట్టిన. నేను పోయినంక మీరు పంచాయితీ పెట్టుకునే పని లేదు" అన్నాడు. ఎక్కడ పెట్టావని అమ్మ అడిగితే, "ఉండాల్సిన కాడ ఉన్నది" అని నవ్వి చేయి కడుక్కున్నాడు. మేమెవరమూ రెట్టించి అడగలేదు. బతికి ఉన్న తండ్రిని వీలునామా ఎక్కడ ఉందని గుచ్చి అడగడం మన ఇళ్లలో అంత సులువైన పని కాదు. అడిగినవాళ్లకు ఆస్తి మీద కన్ను పడిందనుకుంటారు.

ఉన్న ఆస్తి పెద్దదేమీ కాదు. నల్లగొండలో పానగల్లు రోడ్డు వైపు ఒక ఇల్లు, ఊళ్లో నాలుగెకరాల బత్తాయి తోట, రెండూ ఆయన స్వార్జితమే. వీలునామా లేకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, అన్నకు, నాకు, చెల్లెకు నాలుగు సమాన భాగాలు వస్తాయి. మాకు ఆ లెక్కతో పేచీ లేదు. కాని ఇల్లు అమ్మ బతికినంతకాలం అమ్మ చేతిలోనే ఉండాలని, తోట దాన్ని సాగు చేస్తున్న అన్నకే వెళ్లాలని నాయన మనసులో ఉన్నట్టు మాకందరికీ అంతో ఇంతో తెలుసు. ఉన్నట్టు తెలియడం వేరు, కాగితం మీద చూపించడం వేరు. కాగితం దొరికేదాకా విరాసత్ (వారసుల పేరు మీదికి భూమి మార్పు) దరఖాస్తు పెట్టనని అన్న భీష్మించుకున్నాడు, అది కూడా మంచితనంతోనే. రేపు ఏ బావ అయినా "మీ అన్న తొందరపడి పట్టా చేయించుకున్నడు" అనకూడదని అతని భయం.

పదకొండవ రోజు దాటాక బీరువా తెరిచాం. 1987 నాటి కరెంటు బిల్లు రసీదులు తేదీల వారీగా కట్టలు కట్టి ఉన్నాయి. పాత పహాణీ నకళ్లు, పట్టాదారు పాసుపుస్తకం, పెన్షన్ కాగితాలు, మా ముగ్గురి టీసీల నకళ్లు, చివరికి ఎప్పుడో అమ్మేసిన స్కూటరు ఆర్సీ కూడా ఉన్నాయి. వీలునామా లేదు. పరుపు కింద, దేవుని గూట్లో, అటక మీది సందుగలో, తోటలోని మోటారు గదిలో, వెతకని చోటు లేదు. చెల్లె అయితే పటాల వెనుక అట్టలు ఊడదీసి మరీ చూసింది.

అప్పుడు అన్న ఒక పొరపాటు చేశాడు. చాలామంది చేసే పొరపాటు కాబట్టి వివరంగా చెబుతాను. ఇంటి మీద ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించి, అందులో వీలునామా ప్రస్తావన లేదు గనుక అది రిజిస్టరు కాలేదని తేల్చేశాడు. కాని ఈసీలో కనిపించేవి రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ఒకటవ నంబరు పుస్తకానికి ఎక్కే అమ్మకాలు, తనఖాలు, దానాల వంటివి మాత్రమే. వీలునామాలు మూడవ నంబరు పుస్తకంలోకి వెళతాయి. ఆ పుస్తకాన్ని బయటివారు తిరగేయడానికి వీల్లేదు, అధికారే వెతికి చెప్పాలి. రాసినవారు బతికి ఉన్నంతకాలం వారికి, వారు నియమించుకున్న ఏజెంటుకు తప్ప ఎవరికీ నకలు ఇవ్వరు. చనిపోయిన తరువాత మాత్రం దరఖాస్తు చేసుకున్నవారికి ఇస్తారు. ఈ సంగతి మాకు చెప్పింది కార్యాలయం ఎదుట చెట్టు కింద కూర్చునే దస్తావేజు లేఖరి. మరణ ధ్రువపత్రం జత చేసి దరఖాస్తు ఇచ్చాం. ఏ సంవత్సరమో, ఏ నంబరో తెలియదు. పైగా వీలునామాను ఆస్తి ఉన్న చోటనే రిజిస్టరు చేయాలన్న నియమం లేదు, ఏ సబ్ రిజిస్ట్రార్ దగ్గరైనా చేయవచ్చు. అంటే నాయన ఉద్యోగం చేసిన ప్రతి ఊరూ మాకు అనుమానాస్పదమే అయింది. రెండు మూడు కార్యాలయాలు తిరిగాం, ఎక్కడా లేదన్నారు.

చివరికి అది దొరికిన తీరు చెబితే నాయన తెలివికి నవ్వాలో ఏడవాలో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆయనకు బడి నాటి స్నేహితుడు ఒకాయన ఉండేవాడు, మేము పెద్దనాయన అని పిలిచేవాళ్లం. ఇద్దరూ కలిసి లతీఫ్ సాహెబ్ ఉర్సుకు వెళ్లేవాళ్లు, కలిసి ఎరువులు కొనేవాళ్లు, ఒకరి బాకీ ఒకరు తీర్చేవాళ్లు. ఆ పెద్దనాయన మా నాయన కంటే ఏడాదిన్నర ముందే కన్నుమూశాడు. సంక్రాంతి ముందు వాళ్ల ఇంటికి సున్నం వేయిస్తూ, వాళ్ల కోడలు అటక మీది రేకు పెట్టెను కిందికి దింపించింది. అందులో వాళ్ల పాత రేషన్ కార్డులు, ఎల్ఐసీ రసీదుల అడుగున ఒక గుడ్డ అస్తరు కవరు కనిపించింది. దాని మీద మా నాయన పేరు చూసి, ఆ వదిన మా అన్నకు ఫోను చేసింది. ఆమె చదువుకోలేదనుకుని సున్నం పనివాళ్లెవరో ఆ రసీదులన్నీ పొయ్యిలో వేద్దామన్నారట. పేరు పట్టుకుని ఆపింది ఆమెనే.

ఆ కవరును నేను చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక మూలను చెదలు తినేసి ఉన్నాయి. వెనుక మడత మీద మూడు చోట్ల లక్క, ఇటుక రంగుకు తిరిగి పగుళ్లు పట్టి ఉంది. ఉద్యోగం వదిలాక ఇత్తడి ముద్ర చేతిలో ఉండదు కదా, పాత రూపాయి బిళ్లతో నొక్కాడు. బిళ్ల అంచు గీతలు స్పష్టంగా కనిపించాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే చిన్నప్పటి పోస్టాఫీసు వాసన వచ్చిందని నాకు అనిపించింది, అన్న మాత్రం చెదల మట్టి వాసన అన్నాడు. లోపల రెండు తెల్ల కాగితాలు. చెదలు రెండవ కాగితం అంచు దాకా వచ్చి సంతకానికి వేలెడు దూరంలో ఆగిపోయాయి.

తెల్ల కాగితం మీద రాశాడేమిటి, స్టాంపు పేపరు కాదేమిటి అని చెల్లె కంగారుపడింది. వీలునామాకు స్టాంపు అక్కరలేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ కోరేది ఇంతే: రాసినవారు సంతకమో వేలిముద్రో వేయాలి, కనీసం ఇద్దరు సాక్షులు ఆ సంతకం పెట్టడాన్ని కళ్లారా చూసో, అది తన సంతకమేనని ఆయన నోటి నుంచి వినో, ఆయన ఎదుట తామూ సంతకాలు చేయాలి. బొంబాయి, మద్రాసు, కలకత్తా నగరాల వీలునామాలకు చాలాకాలం నడిచిన ప్రొబేటు నిర్బంధం, అంటే వీలునామాను కోర్టు చేత ధ్రువీకరింపజేసుకోవాలన్న షరతు, మన వైపు ఎన్నడూ లేదు. నాయన ఇవన్నీ సరిగ్గానే చేశాడు. ఆయన తప్పు రాయడంలో లేదు, దాచడంలో ఉంది.

సాక్షుల దగ్గరే అసలు చిక్కు వచ్చింది. ఇద్దరి పేర్లు, సంతకాలు ఉన్నాయి, చిరునామాలు లేవు. ఒకరు పెద్దనాయనే. కాగితం దాచినవాడూ ఆయనే, సాక్షీ ఆయనే, ఇద్దరూ ఒకేసారి పోయినట్టయింది. వీలునామా మీద తగాదా కోర్టుకు వెళితే, బతికి ఉన్న సాక్షులలో కనీసం ఒకరినైనా పిలిపించి రుజువు చేయాలని పాత సాక్ష్య చట్టం చెప్పేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం కూడా అదే చెబుతుంది. రిజిస్టరు చేసినా ఈ బాధ్యత తప్పదని వకీలు చెప్పినప్పుడు నేను మొదట నమ్మలేదు. రెండవ సాక్షి నాయనతో పనిచేసిన ఒక తపాలా ఉద్యోగి. పాత సహోద్యోగుల ద్వారా వాకబు చేయగా వనస్థలిపురంలో కొడుకు దగ్గర ఉన్నట్టు తెలిసింది. వెళ్లి కలిశాం. ఎనభై దాటిన మనిషి, చెవులు సరిగ్గా వినబడవు కాని ఆ రోజు బాగా గుర్తుంది. "మీ నాయన నాకు చాయ్ తాగిపిచ్చి సంతకం తీసుకున్నడు గాని, అండ్ల ఏమున్నదో సదవనియ్యలే బిడ్డా" అన్నాడు. సాక్షికి లోపలి విషయం తెలియనవసరం లేదు, సంతకం సంగతి తెలిస్తే చాలు. ఆయన చేత ఒక అఫిడవిట్ రాయించుకున్నాం. రేపు నిజంగా తగాదా వస్తే ఆయన బోనెక్కి చెప్పిన మాటకు ఉండే బలం ఆ కాగితానికి ఉండదు.

అప్పట్లో భూముల రికార్డులకు ధరణి పోర్టల్ నడుస్తోంది. భూమి విరాసత్ వారసులందరూ కలిసి ఒప్పుకుని రాసిచ్చే పద్ధతిలో జరిగేది, మేము ఒక్క మాట మీద ఉన్నాం గనుక నాయన రాసినట్టే ఒప్పుకుని తోట అన్న పేరు మీదికి మార్పించుకున్నాం. 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం కింద, వీలునామా మీద వచ్చే దరఖాస్తును తహసీల్దారు వారసులకు నోటీసులిచ్చి విచారించి తేలుస్తాడు. మా వెతుకులాట వల్ల ఆ యాసంగి రైతుబంధు, ఎకరాకు 5,000 చొప్పున 20,000 రూపాయలు రాలేదు. డబ్బు పెద్ద నష్టం కాదు. అమ్మ ఆ రెండు నెలలు ఎవరు ఇంటికి వచ్చినా "దొరికిందా" అని అడిగేది, అది తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

ఇదంతా అయ్యాక, నా వీలునామా నేను రాసుకోవాలని కూర్చున్నాను. నాకు యాభై మూడేళ్లు, ఉపాధ్యాయ ఉద్యోగం, చెప్పుకోదగ్గ జబ్బు లేదు. మా ఆయన "ఇప్పుడే ఎందుకు" అన్నాడు. రాయడానికి రెండు గంటలు పట్టింది. ఎక్కడ పెట్టాలన్నది తేల్చుకోవడానికి రెండు నెలలు పట్టింది.

మొదట బ్యాంకు లాకరు అనుకున్నాను. లాకరు నా ఒక్కదాని పేరు మీద ఉండి, నామినీ లేకపోతే, దాన్ని తెరవడానికి వారసత్వం రుజువు చేసే కాగితాలు అడుగుతారు. ఆ రుజువు లాకరు లోపల ఉంటుంది. బావిలో పడిన తాడుతో బావిలోంచి చేద తీయాలన్నట్టు ఉంటుంది ఆ తతంగం. నామినీ పేరు ఉంటేనో, ఇద్దరిలో ఎవరైనా తెరవగల ఒప్పందం ఉంటేనో ఈ ఇబ్బంది రాదు. ఇక్కడే మరొక అపోహ కూడా చాలా ఇళ్లలో ఉంది: నామినీ అంటే వారసుడని. బీమా సొమ్ము విషయంలో నామినీ తీసుకునేవాడే గాని సొంతదారు కాడని సుప్రీంకోర్టు 1984లోనే తేల్చింది, 2015లో బీమా చట్టాన్ని సవరించాక మాత్రం భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే వారికి ఆ సొమ్ము మీద హక్కు ఉంటుందని చట్టంలో చేర్చారు.

వకీలు దగ్గర పెట్టడం మంచి పద్ధతే, కాని వకీళ్లకూ వయసు మీద పడుతుంది, ఆఫీసులు మారుతాయి. ఫోనులో ఫొటో తీసి పిల్లలకు పంపితే సరిపోతుందని నా విద్యార్థి ఒకడు సలహా ఇచ్చాడు. మన సమాచార సాంకేతిక చట్టం వీలునామాను తన పరిధి నుంచి మొదటి నుంచీ మినహాయించింది, అందువల్ల ఫొటో గాని స్కాను గాని అసలు ఎక్కడ ఉందో చెప్పే ఆనవాలు మాత్రమే. జిరాక్సుల విషయంలోనూ ఒక జాగ్రత్త చెప్పాలి. జిరాక్సు తీసి దాని మీద మళ్లీ సిరాతో సంతకం చేస్తే అది అసలుకు పోటీగా నిలబడుతుంది, చివరిది ఏది అన్న తగాదాకు మనమే విత్తనం వేసినట్టవుతుంది. లామినేషన్ కూడా వద్దు. సంతకం మీద అనుమానం వచ్చి నిపుణులు సిరాను పరీక్షించవలసి వస్తే ప్లాస్టిక్ పొర అడ్డం పడుతుంది.

నేను చివరికి రిజిస్టరు చేయించాను. అసలు నా చేతికి తిరిగి ఇచ్చారు, నకలు వాళ్ల పుస్తకంలో ఉండిపోయింది. అసలును చెదలు తిన్నా, ఎవరైనా చింపినా, నా తరువాత ధ్రువీకృత నకలు తీసుకునే దారి ఉంటుంది. ఒక విషయం మాత్రం గుర్తుంచుకున్నాను: వీలునామాను మోసపు బుద్ధితో కాల్చేవాడు, దాచేవాడు ఇంట్లోవాడే అయినా అది నేరమే, యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. అయితే ఆ శిక్ష పడాలంటే ముందు వీలునామా ఒకటి ఉండేదని ఎవరికో తెలిసి ఉండాలి కదా.

మా మేనత్త సంగతి వేరు. ఆమెకు పిల్లలు లేరు, భర్త పోయి పదేళ్లయింది, తనను చూసుకుంటున్న వాళ్లలో ఎవరికి ఏం రాసిందో తాను బతికి ఉండగా ఒక్కరికీ తెలియకూడదని పట్టు. "తెలిసిన్నాడు నాకు పెట్టే బువ్వల తేడా వస్తది" అంది, తప్పుబట్టలేకపోయాను. రిజిస్ట్రేషన్‌లో గుమాస్తాలు చదువుతారని ఆమె సందేహం. ఆమె కోసం వెతుకుతుంటే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో 42 నుంచి 46 వరకు ఉన్న సెక్షన్లు నా కంటబడ్డాయి. వీలునామాను సీలు వేసిన కవరులో పెట్టి, పైన రాసినవారి పేరు, లోపల ఉన్నది వీలునామా అన్న మాట రాసి, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర డిపాజిట్ చేయవచ్చు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఈ వీలు లేదు. కవరును ఎవరూ తెరవరు, చదవరు. మనసు మారితే తానే వెళ్లి వెనక్కి తీసుకోవచ్చు. చనిపోయిన తరువాత ఎవరైనా దరఖాస్తు చేసి మరణం రుజువు చేస్తే, వారి ఎదుటనే కవరు విప్పి, వారి ఖర్చుతో మూడవ నంబరు పుస్తకంలోకి ఎక్కించి, అసలును తిరిగి తమ దగ్గరే భద్రపరుస్తారు. కోర్టు అడిగితే పంపుతారు.

నల్లగొండ జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయానికి ఆమెను తీసుకువెళ్లిన రోజు ఉక్కపోత. నాయన మిగిల్చిపోయిన లక్క కడ్డీ ముక్కతోనే కవరుకు ఇంటి దగ్గర సీలు వేశాం, అదే రూపాయి బిళ్లతో. అత్తమ్మ చేయి వణికి ఒక ముద్ర వంకరగా పడింది. డిపాజిట్ల కోసం ఉండే ఐదవ నంబరు పుస్తకంలో ఆమె పేరు, తేదీ, అందుకున్న గంట, ఆమె ఫలానా అని చెప్పిన నా పేరు రాసుకున్నారు. సీలు మీద చదవడానికి వీలైన అక్షరాలేమైనా ఉంటే వాటిని కూడా పుస్తకంలో ఎక్కించాలని చట్టంలో ఉంది. రూపాయి బిళ్ల మీది అక్షరాలు ఒకదానిలోనే పోల్చుకునేలా ఉన్నాయి. కవరును అగ్నికి కాలని పెట్టెలో ఉంచాలని కూడా చట్టమే చెబుతుందని వివరించాక ఆమె స్థిమితపడింది. "మీ నాయనకు ఈ ముచ్చట ఎరుకుంటే ఎంత సంబురపడునో" అంది మెట్లు దిగుతూ. నిజమే, లక్క, ముద్ర, పుస్తకం, గంట, అన్నీ ఆయనకు ఇష్టమైనవే.

అయినా ఆ పద్ధతిలో ఒక లోపం ఉంది. మనిషి పోయిన సంగతి ఆ కార్యాలయానికి ఎవరూ తెలపరు, కవరు ఉన్న సంగతి ఆ కార్యాలయం మనకు తెలపదు. తెలిసినవాళ్లు వెళ్లి అడిగితేనే అది బయటికి వస్తుంది. అందుకని అత్తమ్మ దగ్గర మాట తీసుకుని, ఆ రసీదు జిరాక్సులు మూడు ఇళ్లలో పెట్టాం. లోపల ఏముందో ముగ్గురిలో ఎవరికీ తెలియదు, ఎక్కడుందో ముగ్గురికీ తెలుసు. మా నాయన ఈ రెండింటినీ ఒకటే అనుకున్నాడు.

మా ఇంటి బీరువా తలుపు లోపలి వైపు నేను ఒక కాగితం అంటించాను. వీలునామా రిజిస్టరైన కార్యాలయం, దస్తావేజు నంబరు, సంవత్సరం, అసలు ఉన్న అర, అమలు చేయవలసిన మనిషి పేరు, ఇద్దరు సాక్షుల చిరునామాలు, ఫోన్ నంబర్లు, అంతే. సాక్షులను నా కంటే చిన్నవాళ్లను, ఆస్తిలో ఏమీ రానివాళ్లను ఎంచుకున్నాను. ఒకరు మా బడిలో పనిచేసే టీచరు, మరొకరు మా డాక్టరు. ప్రతి ఉగాదికి పచ్చడి పనులయ్యాక ఆ కాగితం ఒకసారి చదువుతాను. మొన్న టీచరమ్మ ఫోన్ నంబరు మారితే పాతది కొట్టివేసి కొత్తది రాశాను.

అన్న ఇంకా తన వీలునామా రాయలేదు. అడిగితే "బత్తాయి కోత అయిపోనియ్యి" అంటున్నాడు, మూడు కోతలయ్యాయి. అత్తమ్మ రసీదు జిరాక్సు మాత్రం అతని బీరువాలో, నాయన కట్టలు కట్టిన కరెంటు రసీదుల మీదనే ఉంది.